గాలికీ వాయిదాకీ నిలిచే పని

భోగాపురంలో డాబా మీద ఏం పెట్టినా దానికి ఇద్దరు పరీక్షకులుంటారు: ఏడాది పొడుగునా ఉప్పుగాలి, అక్టోబరులో తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజు ఈ తీరంలో రేకుల కప్పులు, కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు ఏమయ్యాయో చూసినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని దులిపేసింది. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఇలాంటి చోట ఒక్కోటి ఇరవై ఎనిమిది కిలోలుండే అద్దపు పలకల్ని డాబా మీద బిగించి, ఇవి పాతికేళ్ళు ఉంటాయని ఇంటివాళ్ళకి మాటిచ్చి, ఆ మాట నమ్మి బ్యాంకు అప్పిచ్చేలా చేయడం చిన్న పని కాదు. ఆ పని బాగా చేసేవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళ చేతిపని ఎంత గొప్పదో చెప్పాలనే ఈ వ్యాసం.

అందులో సగం పని డాబా మీద, మిగతా సగం కరెంటు బిల్లు వెనకవైపు పెన్నుతో జరుగుతుంది. ముందు బిల్లు సంగతి చూద్దాం. పనివాడి నిజాయితీ మొదట బయటపడేది అక్కడే.

హైవేకి కాస్త లోపల, రిటైరైన ఉపాధ్యాయుడి ఇల్లు. రెండు గదులు, హాలు, ఒక ఏసీ, బోరు మోటారు. నెలకి ఇంచుమించు 300 యూనిట్లు. చుట్టాలంతా మూడు కిలోవాట్లు పెట్టించమన్నారు, ఎందుకంటే పెద్ద సబ్సిడీ అక్కడుంది. బిగించడానికొచ్చిన మేస్త్రి బిల్లు తిరగేసి, పన్నెండు నెలల వాడకం చూసి, "మాస్టారు, మీకు మూడొద్దండి. రెండు సరిపోతాది" అన్నాడు. తన వ్యాపారాన్ని తానే మూడోవంతు తగ్గించుకునే మాట అది. ఎందుకన్నాడో లెక్క వేసి చూస్తే ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది.

ఇక్కడ కరెంటు సరఫరా చేసే డిస్కం ఈపీడీసీఎల్. దాని గృహ వినియోగదారులకి టారిఫ్ మెట్లు మెట్లుగా ఉంటుంది. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ రూ.1.90, ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా రూ.4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా రూ.8.75, అదీ దాటితే రూ.9.75. స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాట్లు పక్కన పెడితే 300 యూనిట్లకి రూ.1,673 అవుతుంది. ఇక్కడి ఎండకి ఒక కిలోవాటు ప్యానెల్ ఏడాది సగటున రోజుకి దాదాపు నాలుగు యూనిట్లిస్తుంది. వానలూ మబ్బులూ పోనిచ్చి నెలకి 115 అనుకుందాం. సోలారు యూనిట్లు బిల్లుని పైమెట్టు నుంచి కొట్టుకుంటూ వస్తాయి. కాబట్టి మొదటి కిలోవాటు ఖరీదైన యూనిట్లని తీసేస్తుంది, నెలకి రూ.896 మిగులుతుంది. రెండోది మధ్య మెట్లని తీసేస్తుంది, రూ.600. ఇక మిగిలేవి 70 యూనిట్లు, అవి అడుగు మెట్లవి, చవకవి. మూడో కిలోవాటు వాటిని కూడా తీసేస్తే మిగిలేది రూ.177. పైన ఇంకో 45 యూనిట్లు గ్రిడ్‌కి పోతాయిగానీ, వాటికి డిస్కం ఇచ్చే ధర పైమెట్టులో మనం కట్టే ధరకి దరిదాపుల్లో ఉండదు.

ఒకే పైకప్పు, ఒకే ఎండ, ఒకే రకం పలక. అయినా మొదటి కిలోవాటు విలువ మూడోదానికి అయిదు రెట్లు. ఈ సంగతి అమ్మేవాళ్ళకి తెలియక కాదు, చెప్పరంతే. అదే ఇంట్లో రెండో ఏసీ వచ్చి వాడకం 400కి చేరితే కథ మారిపోతుంది. అప్పుడు ఆ మూడో కిలోవాటే నెలకి రూ.555 మిగులుస్తుంది. అందుకే మేస్త్రి, "అమ్మాయిగారు వచ్చి ఉంటారా ఇక్కడ?" అని కూడా అడిగాడు. ఇంటి కొలతంటే డాబా పొడుగు వెడల్పులే అనుకునేవాళ్ళు ఆ ప్రశ్న వెయ్యరు.

ప్రభుత్వం సబ్సిడీని అమర్చిన తీరులోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. 2024 ఫిబ్రవరి 13న ప్రకటించి, ఆ నెలాఖరులో కేంద్ర మంత్రివర్గం రూ.75,021 కోట్లతో ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళని లక్ష్యంగా పెట్టుకుంది. రెండు కిలోవాట్ల దాకా ప్రామాణిక ధరలో 60 శాతం, మూడో కిలోవాటుకి 40 శాతం సాయం. రూపాయల్లో చెప్పుకుంటే మొదటి రెండింటికీ కిలోవాటుకి 30 వేల చొప్పున 60 వేలు, మూడోదానికి 18 వేలు. అక్కడితో ఆగిపోతుంది. పది కిలోవాట్లు పెట్టినా 78 వేలే. మామూలు ఇంటికి రెండు చాలని ఆ నిష్పత్తే చెబుతోంది. ఇక్కడ మన రాష్ట్ర ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది: ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి రెండు కిలోవాట్లు పూర్తి ఉచితంగా, బీసీలకి కేంద్ర సబ్సిడీ మీద మరో 20 వేలు. ఈ మండలంలో పల్లెల సంగతి తెలిసినవాళ్ళకి ఆ నిర్ణయం విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే నాకొక పట్టుదల ఉంది. ఉచితంగా బిగించే ఇంటికి కూడా డబ్బు పెట్టిన ఇంటికి వేసిన పునాదే వెయ్యాలి. వేలకొద్దీ ఇళ్ళు ఒకేసారి టెండర్లో పోయేటప్పుడు ముందు అరిగిపోయేది బోల్టు నాణ్యత. తుపాను లబ్ధిదారుల జాబితా చూసి రాదు.

అప్పు సంగతి. మూడు కిలోవాట్ల దాకా రెండు లక్షల లోపు రుణం, తాకట్టు లేకుండా, రెపో రేటుకి అర శాతం కలిపిన వడ్డీకి ప్రభుత్వ బ్యాంకులు ఇస్తున్నాయి. పథకం మొదలైనప్పుడు రెపో ఆరున్నర కాబట్టి వడ్డీ ఏడు శాతం. 2025లో రిజర్వు బ్యాంకు రెపోని నాలుగు దఫాలుగా 5.25కి దించింది, ఆ మేరకు ఈ వడ్డీ కూడా ఆరు శాతం లోపుకి వచ్చింది. బంగారం కుదువ పెట్టి తెచ్చే అప్పుతో పోల్చి చూడండి. మేస్త్రి చెప్పిన రెండు కిలోవాట్లకి అంతా కలిపి లక్షా ముప్పై వేలనుకుందాం. పదోవంతు మనం పెట్టాలి, పదమూడు వేలు. మిగిలిన లక్షా పదిహేడు వేలు పదేళ్ళకి, ఆరు శాతానికి తీసుకుంటే నెలవాయిదా రూ.1,299. బిల్లులో మిగిలేది రూ.1,496. సబ్సిడీ 60 వేలు వచ్చి అప్పులో జమ పడితే అసలు 57 వేలకి దిగుతుంది, వాయిదా రూ.633 అవుతుంది. సబ్సిడీ రావడం ఆలస్యమైనా ఈ ఇల్లు చేతి డబ్బు వేసుకోదు. ఇప్పుడు చుట్టాలు చెప్పిన మూడు కిలోవాట్లు లక్షా తొంభై వేలకి చూడండి. సబ్సిడీ వచ్చేదాకా వాయిదా రూ.1,898, మిగిలేది రూ.1,673. సబ్సిడీ వచ్చాక వాయిదా రూ.1,032కి దిగుతుందిగానీ, రెండు కిలోవాట్ల వాయిదా కంటే నాలుగొందలు ఎక్కువ కట్టి, దానికి బదులు నూట డెబ్బై ఏడు రూపాయలు పొందడమే మిగులుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. సబ్సిడీ జమ అయ్యాక నెలవాయిదా తగ్గుతుందా, గడువు తగ్గుతుందా అన్నది సంతకం పెట్టకముందే బ్యాంకులో అడిగి రాయించుకోవాలి. రెండోది మన పల్లెల్లో అసలు చిక్కు: మీటరు ఎప్పుడో పోయిన తాతగారి పేరున ఉంటుంది, ఇంటిపన్ను నాన్నగారి పేరున, బ్యాంకు ఖాతా కొడుకు పేరున. దరఖాస్తు కరెంటు సర్వీసు నంబరు మీదే నడుస్తుంది కాబట్టి ముందు మీటరు పేరు మార్చుకోవాలి. ఈ మేస్త్రి ప్యానెళ్ళ ధర చెప్పకముందే మీటరు కార్డు అడుగుతాడు. పేర్లు కలవకపోతే, "అది చేయించుకుని కబురెట్టండి, అప్పుడొస్తాను" అని వెళ్ళిపోతాడు. అడ్వాన్సు తీసుకుని తర్వాత తిప్పించుకోవడం అతనికి చేతకాదు.

ధరల మాట ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలారు పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. అంతకుముందు రాసిన కొటేషన్‌ని ఇప్పుడు కూడా చూపిస్తుంటే ఆ తేడా అడగాలి. మరీ చవగ్గా చెబుతుంటే ఇంకోటి అడగాలి: పలకల్లోని సెల్స్ మన దేశంలో తయారైనవేనా? కాకపోతే సబ్సిడీ రాదు. పలక వెనక చీటీ మీదున్న సీరియల్ నంబరు పథకం పోర్టల్లో ఎక్కించాల్సిందే కాబట్టి అక్కడ మాయ సాగదు.

ఇక డాబా ఎక్కుదాం.

అందరూ ఫొటో తీసేది నల్లటి పలకల్ని. చూడాల్సింది వాటి కాళ్ళని. విశాఖ తీరానికి భారతీయ ప్రమాణాల్లో మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరు మీద మోపే ఒత్తిడి దాదాపు 150 కిలోల బరువుతో సమానం. రెండు కిలోవాట్లకి వేసే నాలుగు పలకల వైశాల్యం పది చదరపు మీటర్ల పైచిలుకు. అంటే టన్నున్నర. పలకలన్నిటి బరువు చూస్తే 112 కిలోలు. పలకల్ని మోయడం ఏ పాటి స్ట్రక్చర్‌కైనా వస్తుంది. అవి ఎగిరిపోకుండా కిందికి పట్టి ఉంచడమే ఈ తీరంలో అసలు పని. డాబా మీద అడుగు చదరంలో కాంక్రీటు దిమ్మలు పోసి, వాటిలో కాళ్ళు పాతి, అంతే అయిపోయిందనుకునే పని చాలాచోట్ల చూస్తాం. అలాంటి దిమ్మ ఒక్కోటి అరవై అయిదు కిలోలుంటుంది, ఆరున్నా నాలుగొందల కిలోలు దాటదు. టన్నున్నరతో ఆ లెక్క ఎలా కుదురుతుంది?

మాస్టారి డాబా మీద చేసిన పని ఇది. కాలు వచ్చే చోట వాటర్‌ప్రూఫ్ పూతని ఉలితో చెక్కి అసలు శ్లాబు కనబడేలా చేశారు. అక్కడ రంధ్రం. శ్లాబు మందం అయిదంగుళాలు కాబట్టి రంధ్రం మూడున్నర అంగుళాలు దాటకూడదు. డ్రిల్లు బిట్టుకి ఎర్ర టేపు చుట్టి ఆ లోతు గుర్తు పెట్టుకున్నారు. రెండో రంధ్రంలో బిట్టు ఇనుప చువ్వకి తగిలింది, శబ్దం మారింది. కుర్రాడు ఇంకాస్త నొక్కబోతే మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. రెండంగుళాలు పక్కకి జరిపి మళ్ళీ వేయించి, పాత రంధ్రాన్ని గ్రౌటుతో పూడ్చేశాడు. చువ్వ తెగితే శ్లాబు బలం పోతుంది, అక్కణ్ణుంచి నీరు దిగితే తుప్పు పడుతుంది. ఆ తర్వాత చేసిన పని చూడండి, ఇంతకంటే ఓపిగ్గా చేసే పని నేను చూడలేదు. రంధ్రంలో దుమ్మంతా చేతిపంపుతో ఊదాడు, వైరు బ్రష్ తిప్పాడు, మళ్ళీ ఊదాడు, మళ్ళీ బ్రష్ తిప్పాడు, మళ్ళీ ఊదాడు. కాలుని పట్టి ఉంచే చువ్వని రంధ్రంలో అతికించేది రెసిన్; సిమెంటు పొడి పల్చగా ఉన్నా అది రంధ్రం గోడకి పట్టదు, పొడికి పడుతుంది. ఆపైన రెసిన్ గొట్టాన్ని అడుగు దాకా దించి, నింపుకుంటూ పైకి లాగాడు, మధ్యలో గాలి బుడగ చిక్కకుండా. అప్పుడు ఆ చువ్వని మెల్లగా తిప్పుతూ దించాడు. అంచు చుట్టూ రెసిన్ సమంగా పైకి ఉబికింది. అది ఉబికితేనే లోపల ఖాళీ లేదని అతని లెక్క. ఆ చువ్వల చుట్టూ దిమ్మ పోసి, తడి గోనెపట్టాలు కప్పి, వారం దాకా పలకలు ఎక్కించలేదు. రెండు రోజుల్లో పని ముగించి ఇంకో ఇంటికి పోయేవాళ్ళతో పోటీ పడుతూ ఆ వారం ఆగాడు. పలకలు ఎక్కాక ఈ పనంతా కాంక్రీటు లోపల దాగిపోతుంది, ఇంటివాళ్ళకి కూడా కనబడదు.

ఇనుము సంగతి కూడా అంతే. గాల్వనైజ్ చేసిన పైపుని డాబా మీద కోసి, వెల్డింగు చేస్తే ఆ చోట జింకు కాలిపోతుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ అతుకు ఎర్రబారుతుంది. సముద్రపొడ్డున ఉన్న ముక్కాం వైపు ఇంకా ముందే. ఇతను కొలతలన్నీ ముందే తీసుకుని, షాపులోనే కోయించి, రంధ్రాలు వేయించి, ఆ తర్వాతే జింకులో ముంచి తెప్పిస్తాడు. డాబా మీద వెల్డింగు యంత్రం ఎక్కదు, అన్నీ బోల్టులే. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఒక్కో నట్టు బిగించాక నట్టు మీంచి బోల్టు మీదికి ఎర్రరంగు పెన్నుతో ఒక గీత గీస్తాడు. ఏ నట్టయినా వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. పెద్ద గాలి వెళ్ళిన మర్నాడు ఇంటివాళ్ళే డాబా ఎక్కి గీతలు చూసుకోవచ్చు, రెంచీ కూడా అక్కర్లేదు.

పలకల ఎత్తు విషయంలో మాస్టారి ఇంట్లో కాస్త వాదనే జరిగింది. ఇంటావిడకి స్ట్రక్చర్ ఎనిమిదడుగుల ఎత్తులో కావాలి, కింద వడియాలు పెట్టుకోవడానికి, బట్టలారేయడానికి. "గాలొస్తాది కదమ్మా, ఎత్తు పెరిగేకొద్దీ దెబ్బెక్కువ" అన్నాడు మేస్త్రి. పిట్టగోడ చాటున పల్లంగా ఉంటే గాలి పట్టు తగ్గుతుంది. ఎత్తు పెడితే కాళ్ళు లావుగా, ఏటవాలు కట్లు ఎక్కువగా వెయ్యాలి, దానికి ఇంకో పదిహేను వేలు ఖర్చు. చివరికి ఉత్తరం పక్క సగం డాబా ఆమెకి వదిలి, దక్షిణం పక్క పల్లంగా పెట్టారు. కానీ పల్లంగా పెడితే నీడ సమస్య. భోగాపురం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలోనూ జూలై చివర్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి వాలిపోతాడు, అప్పుడు మీటరు ఎత్తు పిట్టగోడ మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు తొంభై సెంటీమీటర్ల నీడ వేస్తుంది. పలకల్ని గోడకి అంత దూరం లోపలికి జరిపారు. పక్కింటి కొబ్బరి మట్ట నీడ ఉదయం తొమ్మిదింటికి ఎక్కడ పడుతుందో, నీళ్ళ ట్యాంకు నీడ మూడింటికి ఎక్కడికి వస్తుందో సుద్దముక్కతో నేల మీద గీసి చూసుకున్నాకే స్థలం తేల్చారు. వరసగా కలిపిన పలకల్లో ఒకదాని మీద నీడ పడితే మొత్తం వరస దిగుబడి పడుతుంది. వాలు పన్నెండు డిగ్రీలు. అంతకంటే పెంచితే చలికాలంలో కొన్ని యూనిట్లు ఎక్కువొస్తాయి, గాలి కూడా ఎక్కువ పడుతుంది. పది కంటే తగ్గిస్తే వాన దుమ్ముని కడగదు. హైవే దుమ్ము, విమానాశ్రయం పనుల ఎర్రదుమ్ము తిన్న ఊరు కాబట్టి అది చిన్న సంగతి కాదు.

వైర్ల పని. నాలుగు పలకల వరసలో దాదాపు 200 వోల్టుల డీసీ ఉంటుంది. ఇంట్లో కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి దిగి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ లేచినా ఆరే వీలుంది. డీసీలో ఆ దిగడం లేదు, వదులు కీలు దగ్గర రవ్వ లేస్తే కాలుతూనే ఉంటుంది. అందుకే కనెక్టరు నొక్కే పని ప్లయర్‌తో చెయ్యకూడదు, దానికి వేరే పనిముట్టుంది. వైరు ఒక్కో తీగా తెగకుండా తొక్క తీసి, పిన్నులో పెట్టి, నొక్కి, గట్టిగా లాగి చూసి, అప్పుడు తొడుగులో తోస్తే టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినబడేదాకా మేస్త్రి పక్కవాళ్ళని మాట్లాడనివ్వలేదు. ఒక్క వైరు కూడా శ్లాబు మీద వేలాడలేదు, అన్నీ స్ట్రక్చర్ లోపలి అంచుకి ఎండకి తట్టుకునే నల్లటి కట్లతో కట్టారు. ఎర్తింగు గుంటలు మూడు, డీసీకి, ఏసీకి, పిడుగుకి వేరువేరుగా. ఇసక నేలలో తడి నిలవదు, కాబట్టి బెంటొనైట్ పోసి, మీటరు పెట్టి ఓములు కొలిచి చూపించాడు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి, చాలామంది చివర్లో తెలుసుకుని బాధపడుతున్నారు. గ్రిడ్‌కి కలిపిన ఈ సోలారు ఊరి కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడడానికి పెట్టిన ఏర్పాటది. తుపాను తర్వాత వారం రోజులు చీకట్లో ఉంటే డాబా మీద ఎండ ఉన్నా ఫ్యాను తిరగదు. తిరగాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టరు కావాలి, బ్యాటరీకి సబ్సిడీ లేదు. మేస్త్రి ఈ సంగతి మాస్టారికి అప్పు కాగితాల మీద సంతకం పెట్టకముందే చెప్పాడు.

పది కిలోవాట్ల లోపు కనెక్షన్‌కి ఇప్పుడు ముందస్తు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. బిగింపు అయ్యాక డిస్కం నుంచి వచ్చి చూసి నెట్ మీటరు పెడతారు, ఆ తర్వాత సబ్సిడీ ఖాతాలో పడుతుంది. బిగించిన సంస్థ అయిదేళ్ళు నిర్వహణ చూడాలన్నది ఒప్పందంలోనే ఉంటుంది. ఆ ఒప్పందం కాపీ, పలకల సీరియల్ నంబర్లు, వారంటీ కాగితాలు ఒక కవరులో పెట్టి ఇంటి దస్తావేజుల పక్కనే దాచమని మేస్త్రి ఇంటావిడకి ఇచ్చాడు. కవరు మీద తన చేత్తో ఒకటి రాశాడు: పలకలు పాతికేళ్ళు, ఇన్వర్టరు పదేళ్ళు. అప్పు తీరే కాలానికే ఇన్వర్టరు మార్చే ఖర్చు కూడా వస్తుంది కాబట్టి, సబ్సిడీ జమ అయి వాయిదా తగ్గిన నెల నుంచే నెలకి మూడొందలు పోస్టాఫీసు ఆర్డీలో వేసుకోమని చెప్పాడు. ఆమె ఆ నెలలోనే ఖాతా తెరిచారు.